సముద్రానికి నేను పోసిన కట్ట

సముద్రం మీద వారధి కట్టినవాళ్ల కథ మీ అందరికీ తెలుసు. సముద్రానికి చెరువుకట్ట పోసినవాడి కథ మాత్రం మా శామీర్‌పేట దాటి బయటికి రాలేదు. ఎందుకంటే ఆ మహానుభావుణ్ని నేనే, ఇన్నాళ్లూ నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ కట్ట ఒక్క పూటయినా నిలవలేదు. పోతూ పోతూ మా మామ జీపును ముంచింది, ఒక ఊరు ఊరంతటికీ మధ్యాహ్నపు నిద్ర చెడగొట్టింది, ఇంకాస్తయితే నా పెళ్లిని కూడా ఉప్పునీళ్లలో కలిపేది. చెప్తాను, కడుపారా నవ్వుకోండి. నవ్వాక మాత్రం నన్ను ఏ నీళ్ల దగ్గరికీ తోడు రమ్మని పిలవకండి.

తొంభైల చివరి సంగతి. నాకప్పుడు పెళ్లీడు. డిగ్రీ తప్పి ఊళ్లో తీరిగ్గా తిరుగుతున్నాను. చదువు రాకపోయినా నీళ్ల విషయంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. ఈత నేర్చింది మా చెరువులోనే, చేపలు పట్టింది అక్కడే, అమ్మ చేత దెబ్బలు తిన్నదీ దాని గురించే. ఉగాది దాటాక నీళ్లు లోపలికి గుంజుకుంటే బయటపడిన నేల మీద ట్రాక్టర్లు నీటి అంచుదాకా పోయేవి, కొందరు దోసపాదులు పెట్టేవాళ్లు, మేం క్రికెట్ ఆడేవాళ్లం. ఒకసారి వెనక్కి పోయిన నీళ్లు మళ్లీ వానలు దంచి కొడితేనే వచ్చేవి. నీళ్ల గురించి నాకు తెలిసిన శాస్త్రం ఇంతే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను చెరువు గెలిచి ఏకంగా సముద్రం మీద పడ్డాను.

మా అమ్మ తమ్ముడు నర్సింహ మామ. పొలాలున్నవాడు, అప్పుడప్పుడే ప్లాట్ల వ్యాపారంలో కాలు పెట్టినవాడు. ఆయనకొక జీపు, ఒక కూతురు. జీపును రోజూ తానే కడుక్కునేవాడు, కూతురి పేరు సునీత. మేనరికం గనక సునీత నాకేనని చిన్నప్పటి నుంచి చుట్టాలంతా అనేవాళ్లు. సునీత కూడా కాదనలేదు. మామ ఒక్కడే అవునని అనలేదు.

"ఏ పని చెప్పినా ఆగం జేస్తవు. గీ చేతులల్ల నా బిడ్డను ఎట్ల పెట్టాలెరా శీనుగా?" అని నా మొహం మీదే అనేవాడు. నాకు కోపం వచ్చేది కాదు. చేతులు చూసుకుని సిగ్గుపడేవాణ్ని.

అలాంటప్పుడు అవ్వ మొక్కు నాకు కలిసొచ్చింది. అవ్వ అంటే మామను, మా అమ్మను కన్నతల్లి, కాబట్టి నాకూ సునీతకూ ఇద్దరికీ అవ్వే. మామ పొలంలో వేసిన ప్రతి బోరూ ఎండిపోతుంటే చెరువుకట్ట మీది మైసమ్మకు మొక్కింది. ఈసారి నీళ్లు పడితే, ఎన్నడూ ఎండని నీళ్ల ఒడ్డున బోనం పెడతానని. బోరు పడింది. తీరా మొక్కు తీర్చుకుందామంటే ఆ ఏడు మా చెరువే నడుమ దాకా ఎండి కూర్చుంది.

"ఎన్నడు ఎండని నీళ్లు ఏడుంటయిరా?" అని అవ్వ నీళ్ల పండితుణ్నయిన నన్ను అడిగింది.

"సముద్రమే అవ్వా."

"ఏ సముద్రం?"

మంగలి షాపు క్యాలెండర్‌లో గోవా బొమ్మ ఒకటుండేది. వంగిన కొబ్బరిచెట్లు, తెల్లటి చర్చి, ఎవరికీ ఏ తొందరా లేనట్టు పడుకున్న ఇసుక. క్షవరం అయ్యేంతసేపూ దాన్నే చూసేవాణ్ని. అక్కడి మనుషులు పొద్దున లేచి ఏం చేస్తారు, ఏం తింటారు, ఆ చర్చి అంత తెల్లగా ఎందుకుందని నాకు ఒకటే కుతూహలం. "గోవ" అన్నాను.

"బందరు దగ్గర గదరా?" అన్నాడు మామ.

"బందరుల అంత బురద మామా. బోనం దిగబడ్తది."

నేను బందరు చూడలేదు. గోవా చూడలేదు. ఆ మాటకొస్తే సముద్రమనేదే చూడలేదు. కానీ ధైర్యంగా అబద్ధమాడేవాణ్ని ఎదురు ప్రశ్న వేయడానికి మంచివాళ్లు మొహమాటపడతారు. మామ కాసేపు మీసం నిమిరి ఒక మాట చెప్పాడు. "సరే. నడువు. అందరం పోదాం, జీపు నువ్వే తోలు. అవ్వ మొక్కు తీరాలె, జీపు ఎట్ల పోయిందో అట్ల ఇంటికి రావాలె. గియ్యి రెండు సక్కగ జేసినవనుకో, అప్పుడు సునీత ముచ్చట మాట్లాడుదాం."

అంటే ఏమిటి? నా పెళ్లి ఇప్పుడు నాలుగు చక్రాల మీద ఉంది. జహీరాబాదు, బీజాపూరు, బెల్గాం మీదుగా ఆ చక్రాలను నేను కోడిగుడ్ల బుట్ట మోసినట్టు తోలాను. వెనక సీట్లో అవ్వ, ఒళ్లో కొత్త కుండ, పక్కన సునీత. ముందు సీట్లో మామ, ప్రతి గుంతకూ నా వైపొక చూపు.

మర్నాడు బాగా పొద్దుపోయాక ఒక చిన్న ఊళ్లో దిగాం. మరియా ఆంటీ అనే పెద్దావిడ ఇంట్లో రెండు గదులిచ్చింది. ఆ ఇల్లు చూసి అవ్వ గడపలోనే ఆగిపోయింది. ముందర పొడుగాటి వరండా, కూర్చోవడానికి రెండు పక్కలా అరుగుల్లాంటి దిమ్మెలు, కిటికీలకు అద్దాల బదులు పల్చటి ఆల్చిప్పలు. లోపలి దీపం వెలుతురు వాటిలోంచి మజ్జిగ రంగులో వస్తోంది. అవ్వ ఒక్కొక్క చిప్పనూ వేలితో తట్టి చూసింది.

"మనకు నైజాం ఉన్నట్టు వీళ్లకెవరుండెరా?"

"పోర్చుగీసోళ్లు అవ్వా. ఓడలల్ల వచ్చిన్రంట."

"ఇప్పుడేడున్నరు?"

"పోయిన్రు."

"పోయేటోళ్లు ఏం ఇడిసిపెట్టి పోయిన్రో అడుగు."

నా హైదరాబాదీ హిందీలో మరియా ఆంటీని అడిగాను. ఆవిడ ఏమాత్రం ఆలోచించకుండా చెప్పింది. "గిర్జా, పావ్, ఔర్ దోపహర్ కీ నీంద్." చర్చి, రొట్టె, మధ్యాహ్నం నిద్ర. అవ్వకు చెప్తే తలూపి మెచ్చుకుంది. "నయమే. మన నైజాం గా నిద్ర గూడ ఇయ్యలే."

ఆ నిద్రే నా కొంప ముంచబోతోందని అప్పుడు నాకేం తెలుసు?

గదిలో సామాను పడేసి ఒడ్డుకు పోయాం. వెన్నెట్లో నీళ్లు కొబ్బరిచెట్ల మొదళ్ల దాకా ఉన్నాయి. అవ్వ కొంగు భుజాన వేసుకుని అలాగే చూస్తూ నిలబడింది. అంత నీళ్లు ఒక్కచోట ఉంటాయని నేను అనుకోనేలేదు. చివరికి అవ్వే అడిగింది.

"దీనికి కట్ట ఏడరా?"

"కట్ట ఉండదవ్వా."

"కట్ట లేకుంటే నీళ్లు ఎట్ల ఆగుతయి?"

ఆలోచించి చూడండి, న్యాయమైన ప్రశ్న. నాకు జవాబు తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటు కూడా లేదు. "అటు దిక్కు ఉంటది. కండ్లకు ఆనదు" అన్నాను.

"కట్ట లేనికాడ మైసమ్మ ఏడ కూసుంటది మరి? బోనం ఎవరికి పెట్టాలె?"

"రేపు పొద్దుగాల నేను పోస్త కట్ట. నువ్వు పండు."

పొద్దున్నే లేచి చూస్తే సముద్రం లేదు. ఉంది గాని ఎక్కడో ఉంది. రాత్రి నీళ్లున్న చోటంతా బండలా గట్టిబడ్డ ఇసుక, అందులో పీతల బొక్కలు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది నాకు బాగా తెలిసిన దృశ్యం. అచ్చం ఎండాకాలపు మా చెరువు.

"సూశినవా అవ్వా, నీళ్లు గుంజినయి. ఎండలకు ఆవిరయినయి."

సునీత ఇంటర్ పాసయిన పిల్ల. "ఒక్క రాత్రికేనా?" అంది.

"ఉప్పునీళ్లు జల్దీ ఆరుతయి. చెమట సూడలే?"

"ఆటుపోట్లని ఉంటయి బావా. నీళ్లు మళ్ల వెనుకకొస్తయి. సైన్సు పుస్తకంల ఉన్నది."

"పుస్తకాలల్ల మస్తుంటయి. ఆ రాసినాయన ఎన్నడన్న చెరువుల దిగిండా?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు నయం. వాడి దగ్గర కనీసం కుందేలుండేది. నేను అవ్వను, కుండను, కట్టెలను జీపులో ఎక్కించి, మా ఊళ్లో ట్రాక్టర్ తోలినట్టే నీళ్ల అంచుదాకా తోలాను. అవ్వకు మోకాళ్ల నొప్పులు, ఇసుకలో నడవలేదు, అది నిజమే. కానీ సునీత చూస్తుండగా సముద్రం ముందు జీపును గిర్రున తిప్పి ఆపాలన్న సరదా కూడా కొంచెం ఉంది.

ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా ఇసుక లాగి సముద్రానికి అడ్డంగా కట్ట పోశాను. పొడవు జీపంత, ఎత్తు నా మోకాలంత. మామ కూడా వచ్చి మడమతో తొక్కి గట్టిగా ఉందో లేదో చూశాడు. ఆయన కూడా శామీర్‌పేట మనిషే కదా, ఆయనకూ అనుమానం రాలేదు. కట్ట మీద ఒక రాయి నిలబెట్టి అవ్వ పసుపు పూసింది, బొట్లు పెట్టింది. మూడు రాళ్ల పొయ్యి మీద బియ్యం పొంగించి, కుండకు వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి రాయి ముందుంచింది. వేపమండలు ఊరి నుంచే తడిగుడ్డలో తెచ్చుకుంది. పసుపునీళ్ల సాక పోసి చాలాసేపు చేతులు జోడించింది. బోనాన్ని పొద్దు వంగేదాకా తల్లి ముందే ఉంచాలంది.

"జీపు గూడ ఈడనే ఉండనియ్యండి. సాయంత్రం బోనం దానిలనే తీస్కపోదాం. గాలికి ఇంజను సల్లబడ్తది" అన్నాను. అవ్వకు చెరో పక్క ఆసరా పట్టి, సన్నటి దారి వెంట మెల్లగా నడుచుకుంటూ ఇంటికొచ్చాం.

మేం బండి లేకుండా రావడం వరండాలోంచి మరియా ఆంటీ చూసింది. "గాడీ నికాలో. పానీ ఆయేగా."

బండి తీయాలట, నీళ్లొస్తాయట. నాకు జాలేసింది. పాపం, పెద్దావిడ.

"బారిష్ కే బగైర్ పానీ కైసా ఆతా ఆంటీ?" అన్నాను. వాన లేకుండా నీళ్లెట్లా వస్తాయి అని. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "మేరే దాదా కే జమానే సే ఆ రహా హై" అంది. వాళ్ల తాత కాలం నుంచీ వస్తున్నాయట. ఇంకేదో చెప్పబోయి, భుజాలెగరేసి వంటింట్లోకి పోయింది. నీరు పల్లమెరుగు, నిజం మరియా ఆంటీ ఎరుగు. వినే చెవులు మాత్రం నాకు లేవు.

చేపల పులుసుతో అన్నం తిన్నాక ఇల్లంతా నిద్రకు పడింది. ఆల్చిప్పల కిటికీలు మూసుకున్నాయి. మామ గురక మొదలైంది. నాకు నిద్ర రాలేదు. ఈ ఊళ్లో మధ్యాహ్నం ఏం జరుగుతుందో చూద్దామని బయల్దేరాను. ఏమీ జరగదు. కిరాణా కొట్టు మూత, రొట్టెల దుకాణం మూత, కుక్కలు సైతం అడ్డంగా పడున్నాయి. మా పక్కనున్న మేడ్చల్ బజారులో మిట్టమధ్యాహ్నమైనా ఒకడు ఇంకొకడితో గొడవ పడుతూనే ఉంటాడు. ఇక్కడ ఇంతమంది ఒకేసారి పడుకుంటే దేశమెలా నడుస్తుందని ఆశ్చర్యపోతూ ఒడ్డు వైపు తిరిగాను.

నా కట్ట లేదు. మైసమ్మ రాయి లేదు. బోనం లేదు. సగం చక్రాల దాకా నీళ్లలో నిలబడి మామ జీపు నా వైపు చూస్తోంది.

వానేది? ఆకాశం వైపు చూశాను. ఒక్క మబ్బు లేదు. అంతటి కష్టంలోనూ నా బుర్రకు తట్టిన మొదటి ప్రశ్న అదే. తర్వాత పరిగెత్తాను. జీపెక్కి స్టార్ట్ చేస్తే ఇంజను పలికింది గాని, చక్రాలు తిరిగిన కొద్దీ ఇసుకలోకి దిగాయి. ఒక అల వచ్చి సీటు తడిపింది. మరో అలతో ఇంజను దగ్గి ఊరుకుంది.

ఊళ్లోకి పరుగు తీశాను. మొదటి ఇంటి తలుపు బాదాను. "భాయ్‌సాబ్, జీప్ డూబ్ రహీ."

లోపల్నుంచి నిద్రమత్తు గొంతు. "చార్ బజే."

నాలుగింటికి రమ్మని. రెండో ఇల్లు. "చార్ బజే." కిరాణా కొట్టు వెనక తలుపు. "చార్ బజే బోలా నా." నాలుగింటిదాకా ఆగమని సముద్రానికి చెప్పేవాడెవడు? మామను లేపుదామని ఆ గది గడప దాకా పోయి వెనక్కి తిరిగాను. నాకు ఏడుపొచ్చింది. జీపు పోతే పోయింది, జీపు వెనకాలే సునీత కూడా పోతోంది. ఆ పిల్ల లేకుండా నేను శామీర్‌పేటలో తలెత్తుకు తిరగడమే కాదు, అసలు తిరగడమే దండగ అనిపించింది.

అప్పుడు కనబడింది చిన్న చర్చి. బయటికి వేలాడుతూ గంట తాడు. మా ఊళ్లో ఆపదొస్తే గుడి గంట కొట్టి జనాన్ని పిలుస్తాం. ఆలోచించలేదు. తాడు పట్టుకుని లాగాను. పరిగెత్తి పరిగెత్తి చేతుల్లో సత్తువ లేదు, అందుకని ఒక్కొక్క దెబ్బా ఆగి ఆగి, బరువుగా మోగింది. ఠంగ్... ఠంగ్... ఠంగ్...

తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆహా, గంట మహిమ అనుకున్నాను. కానీ వస్తున్నవాళ్ల తీరు చూస్తే ఏదో తేడాగా ఉంది. ఆడవాళ్లు తల మీద నల్ల గుడ్డ వేసుకుంటున్నారు. మగవాళ్లు ఆ ఎండలో నల్లకోటు తొడుక్కుంటున్నారు. కొందరి చేతుల్లో కొవ్వొత్తులు. మరియా ఆంటీ అయితే కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. ఆగి ఆగి కొడితే అక్కడ చావుగంట అట.

"కౌన్ గయా?" అని అడిగారు, ఎవరు పోయారని.

అంతలో కర్ర పట్టుకుని ఒక ముసలాయన వణుక్కుంటూ వచ్చి ఆయన కూడా "కౌన్ గయా?" అన్నాడు. జనమంతా ఆయన వైపు ఆశ్చర్యంగా చూశారు. సగం మంది పోయింది ఆయనేననుకుని వచ్చారట.

అందరూ నా వైపు తిరిగారు. ఇక దాచి లాభం లేదు.

"జీప్ గయా" అన్నాను.

తెల్ల అంగీ ఫాదరు నా చేతిలోంచి తాడు మెల్లగా తీసుకున్నాడు. ముందుగా నవ్వింది ఆ ముసలాయన. దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వాక మిగతావాళ్లకు కోపం నిలబెట్టుకోవడం కష్టమైంది. చేపలు పట్టేవాళ్లు వలతాళ్లు తెచ్చి జీపుకు కట్టారు. నల్లకోట్లు ఒడ్డున పెట్టి, వల లాగేటప్పుడు పాడుకునే పదమేదో పాడుతూ ఊరంతా కలిసి లాగింది. నేను కూడా లాగాను. మధ్యలో తలెత్తి చూస్తే ఒడ్డు మీద లుంగీలో మామ, పక్కన అవ్వ, సునీత.

జీపు బయటికొచ్చింది. తలుపు తీస్తే బకెట్టు వొంచినట్టు నీళ్లు పడ్డాయి. డ్రైవరు సీట్లో ఒక పీత కూర్చుని ఉంది. మామ పీతను చూశాడు, నన్ను చూశాడు. ఆయనకు మా ఇద్దరిలో పీత మీదే ఎక్కువ నమ్మకం కలిగినట్టుంది.

"శీనుగా," అన్నాడు నెమ్మదిగా, "జీపు ముంచినవు. మొక్కు ముంచినవు. ఇగ నా బిడ్డ ముచ్చట..."

"నర్సిం, నోరు మూయి."

అన్నది అవ్వ. కట్ట ఉన్న చోటుకేసి చూస్తోంది. అక్కడిప్పుడు నడుంలోతు నీళ్లు.

"నాకు ఊహ తెలిసినకాంచి మైసమ్మకు బోనం పెడ్తున్న. ఒక్కనాడన్న తల్లి లేసొచ్చి ముట్టిందా? కుక్కలు ముడ్తయి, కాకులు ముడ్తయి. ఇయ్యాల తల్లే నడిసొచ్చి కుండతోని సహా తీస్కపోయింది. ఎందుకు? ఈ పోరడు ఆమె తొవ్వల పెట్టిండు గాబట్టి. మొక్కంటె గిట్ల తీరాలె."

"అది గాదే అమ్మా, జీపు..."

"జీపు నువ్వు మళ్ల కొనుక్కుంటవు. ఇసోంటి అల్లుడు నీకు మళ్ల దొర్కడు."

పొగిడిందో తిట్టిందో నాకిప్పటికీ తెలియదు. మామ సునీత వైపు తిరిగాడు. ఆ పిల్ల చున్నీ నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటోంది. "నువ్వేమంటవు బిడ్డా?"

"నేను పొద్దుగాలనే చెప్పిన బాపు, నీళ్లొస్తయని. ఇన్లేదు. ఇగ పెండ్లయినంక ఇంటడు తియ్యి."

ఆ మాట విని తడి ఇసుకలో కూలబడ్డాను. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు, ఇది సునీత పక్కన లేనప్పుడు కూడా చెప్పగలను. చావుగంట మోగాక పోయినవాళ్ల పేరున అందరికీ భోజనం పెట్టాల్సిందేనని ముసలాయన పట్టుబట్టాడు. "మా దిక్కు గూడ దినం జేస్తరు" అని మామ ఒప్పుకుని, ఆ సాయంత్రం తానే గరిటె పట్టి ఊరందరికీ కోడికూర వండాడు. మా కారానికి ఊరంతా కళ్లనీళ్లు పెట్టుకుంది. జీపు దినం ఘనంగా జరిగింది.

లారీ మీద ఇంటికి చేరిన ఆ జీపునే పెళ్లిలో మామ నాకిచ్చాడు. "ముంచినోడే ఉంచుకోవాలె" అన్నాడు. ఉప్పు తిన్న ఇనుము కదా, మళ్లీ స్టార్ట్ కాలేదు. మా వాకిట్లో కోళ్లు అందులోనే పొదిగేవి.

ఇది జరిగిన కొన్నేళ్లకు మా వైపు భూములకు రెక్కలొచ్చాయి. ఒకరోజు మామ నన్నూ సునీతనూ కారెక్కించుకుని, ఊరవతల ఎప్పుడో ఎండిపోయిన ఒక కుంట దగ్గరికి తీసుకుపోయాడు. కుంట నడిమధ్యలో నిలబడి మడమతో నేలను తొక్కాడు, ఆనాడు నా కట్టను తొక్కినట్టే.

"శీను, గీ జాగ మనం తీస్కుందాం. నువ్వు సగం, నేను సగం. ప్లాట్లు జేస్తే మస్తుగ పోతయి."

"కుంటల గదా మామా. నీళ్లొస్తే?"

మామ నన్ను జాలిగా చూశాడు. ఆ జాలి నాకు బాగా తెలుసు. ఒకనాడు ఒక వరండాలో నిలబడి మరియా ఆంటీని నేను చూసింది అచ్చం ఆ జాలితోనే.

"ఎన్నేండ్లాయె, సుక్క లేదు. వాన లేకుంట నీళ్లెట్ల వస్తయిరా?"

సునీత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "నాలుగింటికి వస్తయి బాపు" అంది.

మామ పోయి కారెక్కాడు, ఆ జాగ ఊసు మళ్లీ ఎత్తలేదు. ఆ కుంట తర్వాత నిండిందా అని అడుగుతారేమో. నిండింది. నాలుగింటికి కాదు గాని, ఆ ఏడు వానలకే అలుగు దూకింది.

కనక పాఠకులారా, మైసమ్మ మీద, ఆ చర్చి గంట మీద, పీత కూర్చున్న ఆ సీటు మీద ఒట్టేసి చెబుతున్నాను. కట్ట కనబడని నీళ్ల ముందు ఈ జన్మలో బండి ఆపను. మధ్యాహ్నం పడుకున్న మనిషిని, మామ అయినా సరే, నాలుగు కొట్టకముందు లేపను. సునీత చెప్పిన మాట మొదటిసారికే వింటాను. ఈ చివరిది రాసేదాకా ఆమె పక్కనుంచి లేవనంది, అందుకని రాశాను.